పగడాల దీవికి వెళ్లేముందు ఒంటికి నేర్పాల్సింది

రక్షిత సముద్ర పార్కుల్లో పగడాలను విరగ్గొట్టేవాళ్లలో ఎక్కువమంది చెడ్డవాళ్లు కారు. ప్రకృతిని ప్రేమించేవాళ్లే, బోర్డు మీది నియమాలు శ్రద్ధగా చదివినవాళ్లే, పిల్లలకు ఏదీ ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పి దించినవాళ్లే. నీళ్లలోకి దిగిన కాసేపటికి మాస్కులోకి ఉప్పునీరు వస్తుంది. ఊపిరి తడబడుతుంది. కాళ్లు వాటంతటవే నేలను వెతుక్కుంటాయి. ఆ కంగారులో పాదం ఆనేది దశాబ్దాల వయసున్న పగడం మీద కావచ్చు. ఆ క్షణంలో మన మనసు ఎంత మంచిదన్నది పగడానికి సంబంధించిన విషయం కాదు. వ్యక్తిత్వ వికాసం గురించి మాట్లాడేవాళ్లు సంకల్పబలం గురించి చాలా చెబుతారు. సంకల్పం గట్టిగానే ఉండి ఒళ్లు మాట విననప్పుడు ఏం చేయాలో అంతగా చెప్పరు. ఈ అధ్యాయం ఆ రెండో సంగతి గురించి. నిగ్రహం మనసులో ఉంటే చాలదు, ఒంటికి అలవాటు కావాలి. ఆ అలవాటు దీవిలో దిగాక రాదు. బయల్దేరకముందే, మన ఊళ్లోనే చేసుకోవాలి.

ఈ మాటకు ఆధారం ఉంది. ఈజిప్టులో ఎర్రసముద్రం ఒడ్డున రాస్ మొహమ్మద్ అనే జాతీయ పార్కు ఉంది. అక్కడ డైవింగ్ చేసేవాళ్లు పగడాలను ఎన్నిసార్లు తాకుతున్నారో పరిశోధకులు లెక్కపెట్టి 1997లో ప్రచురించారు. ఒక్కొక్కరు ఏడు నిమిషాల్లో సగటున 1.4 సార్లు తాకేవారు. బొమ్మలు చూపిస్తూ వివరంగా పాఠం చెప్పి, ఆపైన నీళ్లలోనూ కాసేపు చూపించి నేర్పాక అది 0.4కు పడిపోయింది. 2004లో వెలువడిన మరో అధ్యయనం కరీబియన్ దీవి సెయింట్ లూసియాకు సంబంధించినది. డైవింగ్‌కు ముందు చెప్పే సూచనల్లో పగడాలను తాకవద్దని ఒక్క వాక్యం చేర్చి చూశారు. దానివల్ల తేడా ఏమీ కనబడలేదు. నీళ్లలో వెంట ఉన్న గైడు, తాకుతున్నవాళ్లను అక్కడికక్కడే సరిదిద్దినప్పుడు మాత్రం తాకడం బాగా తగ్గింది. తాకిళ్లలో ఎక్కువ భాగం కాళ్లకు తొడుక్కున్న ఫిన్లవల్ల జరిగినవే. కెమెరా చేతిలో ఉన్నవాళ్లు లేనివాళ్లకంటే ఎక్కువ తాకారు. ఈ రెండు అధ్యయనాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది: ఒక్క వాక్యపు ఉపదేశం మనిషిని మార్చదు, నీళ్లలో చేసి చూపించిన పాఠం మారుస్తుంది. మన కాలు ఎక్కడుందో మనకే తెలియని స్థితిలో మనస్సాక్షి చేయగలిగింది చాలా తక్కువ.

మన దేశంలో ఈ పాఠం అవసరమయ్యే చోట్లలో ఒకటి అండమాన్‌లోని వండూరు. పోర్ట్‌బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడికి ముప్పై కిలోమీటర్లలోపు దూరంలో ఉంది వండూరు. మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కుకు అదే ద్వారం. 1983లో ఏర్పడిన ఈ పార్కు విస్తీర్ణం సుమారు 281 చదరపు కిలోమీటర్లు, అందులో పదిహేను దీవులు. సందర్శకులను అనుమతించేది వాటిలో రెండింటిలోకే: జాలీ బాయ్, రెడ్ స్కిన్. అవీ రెండూ ఒకేసారి తెరవరు. పొడి నెలల్లో జాలీ బాయ్ తెరిచి ఉంటే రెడ్ స్కిన్‌కు విశ్రాంతి, వానాకాలం వచ్చేసరికి వంతు మారుతుంది. అటవీ శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి, గుర్తింపు కార్డు చూపించాలి. సోమవారం పార్కు మూసి ఉంటుంది. ఉదయం వండూరు జెట్టీ నుంచి పడవ మడ అడవుల నడుమ సాగి దీవి దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి అడుగున అద్దం బిగించిన చిన్న పడవల్లోకి మారాలి. దీవిలో దుకాణం లేదు, రాత్రి బస లేదు, ప్లాస్టిక్ సంచి వెంట రానివ్వరు. ఈ ఏర్పాట్లలో ప్రతి ఒక్కటీ చిరాకు పుట్టించగలదు. కానీ పదిహేనింటిలో పదమూడు దీవులు మన కంటపడకుండా ఉండటమే ఈ పార్కు చేసిన గొప్ప పని అని నా అభిప్రాయం. మనకు చూపించే ఆ కొంచెం కూడా వాటి దయవల్లే నిలిచింది.

ఒక్క తాకిడికి ఇంత రభస ఎందుకని అడిగేవాళ్లకు పగడం అంటే ఏమిటో ముందు చెప్పాలి. రాయిలా కనబడేది రాయి కాదు, వేల చిన్న ప్రాణులు కలిసి కట్టుకున్న ఇల్లు. ఒక్కో ప్రాణి సున్నపు గిన్నెలాంటి గూటిలో కూర్చుని ఉంటుంది. దాని ఒంట్లో కంటికి కనబడనంత చిన్న శైవలాలు కాపురముంటాయి. అవి ఎండతో ఆహారం తయారుచేసి, అందులో పెద్ద వాటా తమకు చోటిచ్చిన ప్రాణికి ఇస్తాయి. చాలా పగడాలకు ఆ రంగులు కూడా వాటివల్లే. గుండ్రని బండల్లా పెరిగే రకాలు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూఇటుగా మాత్రమే పెరుగుతాయి. అంటే ఫుట్‌బాల్ అంత గుండు తయారుకావడానికి పదేళ్లో, ఇంకా ఎక్కువో పట్టి ఉంటుంది. దాని పైపొర పల్చటి మాంసం. మడమ ఆనితే ఆ పొర చిరుగుతుంది. చిరిగిన చోట నాచు పట్టుకుంటుంది, రోగం చేరుతుంది. తాకకపోయినా కాళ్లు తపతపా కొడితే అడుగునున్న ఇసుక లేచి పగడాల మీద పడుతుంది. దాన్ని వదిలించుకోవడానికి అవి జిగురు విడుస్తాయి, ఆ జిగురు తయారీకి తిండి ఖర్చు చేస్తాయి. ఇసుక మళ్లీ మళ్లీ పడుతుంటే ఆ ఖర్చు తిండిని మించుతుంది. నేను ఒక్కణ్ణి తాకితే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. ఒకే చిన్న తీరంలో, ఒకే లోతులో, అదే గంటకు, ఆ మాటే అనుకునే మరో మనిషి దిగుతాడు. పగడం పెరిగే వేగం సంవత్సరాల్లో, సందర్శకులు వచ్చే వేగం నిమిషాల్లో.

కాబట్టి మొదటి సాధన నీళ్లలోనే. మీ ఊళ్లో ఈతకొలను ఉంటే ప్రయాణానికి నెల ముందు నుంచి వెళ్లండి. ఈత పోటీలకు తయారు కానక్కర్లేదు. నేర్చుకోవాల్సింది నిలబడకుండా ఉండటం. లైఫ్ జాకెట్ వేసుకుని, మాస్కు పెట్టుకుని, స్నార్కెల్ గొట్టంతో ఊపిరి తీస్తూ బోర్లా తేలండి. పది నిమిషాలపాటు కాలు అడుగుకు ఆనకూడదు. మొదటి రోజు ఇది చాలా కష్టంగా ఉంటుంది. మాస్కులో నీళ్లు చేరితే నిలబడి తీసేయాలనిపిస్తుంది. తేలుతూనే తల పైకెత్తి, మాస్కు కింది అంచు కొద్దిగా లాగి నీళ్లు వదలడం అలవాటు చేసుకోండి. గొట్టంలో నీళ్లు పడితే ఒక్కసారి గట్టిగా ఊదడం నేర్చుకోండి. చేతులు రెండూ ఛాతీ దగ్గర మడిచి పెట్టి, కాళ్లు మాత్రమే, అదీ నెమ్మదిగా కదపండి. భయం వేసినప్పుడు వెల్లకిలా తిరిగి ఆకాశం వైపు చూస్తూ ఊపిరి సరిచేసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. ఎందుకంటే కాలు నేలను వెతికేది భయంలోనే. ఇవన్నీ కొలనులో చేతనైనవాళ్లకు సముద్రంలో అలలు, ఉప్పు కొత్తగా ఉంటాయి గానీ కంగారు సగానికి తగ్గుతుంది. పిల్లలను తీసుకెళ్లేవాళ్లు వాళ్లచేత ఈ సాధన తప్పకుండా చేయించాలి.

మాకు ఈత రాదు, నీళ్లంటే భయం, ఈ వయసులో ఇవన్నీ ఎక్కడ అనేవాళ్లు ఉంటారు. వాళ్లకు అద్దం పడవ ఉంది. దాన్ని చేతకానివాళ్ల కోసం పెట్టిన ఏర్పాటుగా చూడటం పొరపాటు. ఊపిరి గురించి, కాళ్ల గురించి ఆలోచన లేకుండా కళ్లు మాత్రమే పనిచేసే చోటు అది. తడబడుతూ నీళ్లలో గడిపిన అరగంటకంటే అద్దం మీద వంగి కూర్చున్న పావుగంటలో ఎక్కువ కనబడవచ్చు. నీళ్లలోకి దిగకపోవడం కూడా ఒక తెలివైన నిర్ణయమేనని కుటుంబంలో ఎవరో ఒకరు ముందే అనగలిగితే, మొహమాటానికి దిగి ఇబ్బందిపడేవాళ్లు తగ్గుతారు.

రెండో సాధన కంటికి. పగడపు దిబ్బ మీద తిరుగుతూ ఉన్నంతసేపూ మనకు కనబడేది పారిపోతున్న చేపల తోకలు. ఒకేచోట కదలకుండా తేలితే కాసేపటికి అవి మళ్లీ తమ పనుల్లో పడతాయి. చిలుకచేప ముక్కుతో రాతిని గీకే చప్పుడు నీళ్లలో స్పష్టంగా వినబడుతుంది. అది రాతిమీది నాచు తింటూ సున్నాన్ని కూడా మింగి, పిండిచేసి, ఇసుకగా విసర్జిస్తుంది. పెద్ద చేప ఒకటి ఏడాదికి వందల కిలోల ఇసుక తయారుచేయగలదు. మనం తువ్వాలు పరిచే ఆ తెల్లటి ఇసుకలో దాని వాటా చాలానే ఉంది. కొన్ని చోట్ల పెద్ద చేపలు నోరు తెరిచి కదలకుండా నిలబడి ఉంటాయి, చిన్న నీలం చారల చేపలు వాటి మొప్పల్లో దూరి పురుగులు ఏరి తింటుంటాయి. సీతాకోకచిలుక చేపల్లో పగడాలనే తిని బతికే రకాలున్నాయి. అవి జంటలుగా తిరుగుతున్నాయంటే ఆ దిబ్బ ఇంకా బాగానే ఉందని ఒక సూచన. ఇదంతా చూడటానికి ఓపిక కావాలి, ఓపిక కూడా అలవాటుతో వచ్చేదే. ఇంటి దగ్గర చెరువు గట్టున గానీ పార్కులో గానీ ఒకే చెట్టునో ఒకే గుంటనో అరగంట చూడటం మొదలుపెట్టండి, ఫోను తీయకుండా. దూరం పాటించినవాడికి తక్కువ కనబడుతుందని మనం అనుకుంటాం. దిబ్బ మీద జరిగేది దానికి పూర్తిగా ఎదురు. చేపలను దగ్గరికి రప్పించడానికి బ్రెడ్డు ముక్కలు వేసేవాళ్లకూ ఇదే జవాబు. ఆ ముక్కలకు మూగే చేపలు అప్పటిదాకా చేస్తున్న పని మానేస్తాయి. దిబ్బను నాచు కమ్మకుండా కాపాడేది వాటి ఆ మేతే.

సామాను దగ్గర సాధన అంటే వింతగా తోచవచ్చు, కానీ జెట్టీ దగ్గర సంచి విప్పించి ప్లాస్టిక్ ఏరేస్తున్నప్పుడు గొడవపడేవాళ్లు సాధారణంగా ముందు ఆలోచించుకోనివాళ్లే. రెండు వారాల ముందే ఒక రోజంతా ప్లాస్టిక్ లేకుండా బయట తిరిగి చూడండి. స్టీలు డబ్బాలో పులిహోరో చపాతీలో, స్టీలు సీసాలో నీళ్లు, గుడ్డసంచి. ఎక్కడ ఇబ్బంది వస్తుందో ఆ రోజే తెలిసిపోతుంది: బిస్కెట్ల పొట్లం, మాత్రల కవరు, తడిబట్టలు వేసుకునే సంచి. సన్‌స్క్రీన్ సంగతి కొంచెం చిక్కు. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలున్న క్రీముల అమ్మకాన్ని పలావు దేశం 2020 నుంచి, హవాయి రాష్ట్రం 2021 నుంచి నిషేధించాయి. ప్రయోగశాలలో అవి పగడాలకు హాని చేస్తాయని తేలింది; సముద్రంలో కలిసే మోతాదులో ఎంత హాని చేస్తాయన్నదానిపై శాస్త్రవేత్తల మధ్య ఇంకా వాదన నడుస్తోంది. ఆ వాదన తేలేదాకా ఆగక్కర్లేదు. పొడుగు చేతుల ఈత చొక్కా, మోకాలి కిందకు వచ్చే లాగు వేసుకుంటే క్రీము రాయాల్సిన చోటు ముఖం, మెడ, పిక్కలు, పాదాలు లాంటి కొద్ది భాగాలే. మన ఎండల్లో గుడ్డను మించిన రక్షణ ఏముంది?

చేతికి నేర్పాల్సింది మాత్రం అన్నిటికంటే కష్టం, ఎందుకంటే అది మన ఆప్యాయతలతో ముడిపడి ఉంది. తీర్థానికి వెళ్లినా తీరానికి వెళ్లినా ఇంట్లోవాళ్లకు ఏదో ఒకటి తేవాలి. ఒడ్డున దొరికిన గవ్వ, విరిగిన పగడపు ముక్క పైసా ఖర్చు లేని బహుమతి. అది ఎలాగూ చచ్చిపోయిందే అన్నది అందరూ చెప్పే సమాధానం. చచ్చిన గవ్వలోకి సన్యాసి పీత దూరి కాపురం పెడుతుంది. అది పెరిగేకొద్దీ పెద్ద గవ్వకు మారాలి, దొరక్కపోతే మెత్తటి ఒళ్లు బయటపెట్టుకుని బతకలేదు. విరిగిన పగడపు ముక్కలు అలలకు నలిగి ఇసుకవుతాయి, దీవి ఒడ్డు కోతను తట్టుకునేది ఆ ఇసుకతోనే. చట్టం కూడా ఈ విషయంలో నిక్కచ్చిగా ఉంది. జాతీయ పార్కు నుంచి ఏదీ తీసుకురాకూడదు. దిబ్బలు కట్టే పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు, పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. బయల్దేరేముందే బంధువులకు, గవ్వలు తేనని, వాటికి బదులు ఏం తెస్తానో చెప్పేయండి. ఒడ్డున చేయి చాచే క్షణంలో మనసును అదుపు చేయడంకంటే, ఎవరూ ఎదురుచూడని వస్తువును వదిలేయడం చాలా తేలిక.

వన్యప్రాణి అంటే మనం కాపాడాల్సినదే తప్ప మనకు ప్రమాదం కాదనుకోవడం కూడా సరికాదు. వండూరు చుట్టూ ఉన్న మడ అడవుల్లో, ఏరుల్లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. అండమాన్‌లో అవి మనుషులను చంపిన ఘటనలున్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట ఆగడంతో వాటి సంఖ్య కోలుకుంది. అది మంచి వార్తే, దానితోపాటు జాగ్రత్తా పెరగాలి. హెచ్చరిక బోర్డు ఉన్నచోట, ఏరు సముద్రంలో కలిసే చోట, చీకటిపడే వేళ నీళ్లలోకి దిగవద్దు. లైఫ్‌గార్డు వద్దంటే అక్కడితో ఆపేయాలి, బేరం లేదు.

ఇప్పుడు బలమైన ఆక్షేపణ. పగడాలను చంపుతున్నది సందర్శకుల మడమలు కాదు, వేడెక్కుతున్న సముద్రం. నీటి వేడి మామూలు వేసవి స్థాయికంటే ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం తనలోని శైవలాలను వెళ్లగొట్టి తెల్లబడుతుంది; వేడి తగ్గకపోతే ఆకలితో చనిపోతుంది. అండమాన్ దిబ్బలు 1998లో, 2010లో, 2016లో ఇలా తెల్లబారాయి. ఇది చాలదన్నట్టు 2004 డిసెంబరు 26 భూకంపానికి ఉత్తర అండమాన్ పడమటి తీరంలో నేల పైకి లేచి, కొన్ని దిబ్బలు నీటి బయటపడి ఎండిపోయాయి. వీటి ముందు మన జాగ్రత్త ఏపాటిది? ఆక్షేపణలోని వాస్తవమంతా ఒప్పుకుంటాను. ముగింపును ఒప్పుకోను. టైఫాయిడ్‌తో మంచాన పడి లేస్తున్న మనిషిని ఎలాగూ నీరసంగానే ఉన్నావు కదా అని మూటలు మోయించం. తెల్లబడ్డ పగడం వేడి తగ్గితే కోలుకోగలదు, ఆ కోలుకునే నెలల్లో దానికి గాయం, బురద, రోగం తగలకూడదు. సముద్రపు వేడి తగ్గించడం ప్రభుత్వాలు, పరిశ్రమలు, మనందరి దశాబ్దాల పని. మడమ ఆనకుండా చూసుకోవడం ఈ ఉదయం మీ పని. ఒకటి పెద్దదని రెండోది రద్దు కాదు.

అంత జాగ్రత్తే కావాలంటే అసలు వెళ్లకపోవడం మేలు కదా అనేవాళ్లూ ఉన్నారు. థాయిలాండ్‌లోని మాయా బే వాళ్లకు అనుకూలమైన ఉదాహరణ. రోజుకు వేలమంది దిగడంతో పగడాలు దెబ్బతిన్న ఆ తీరాన్ని 2018 జూన్‌లో మూసేశారు. మనుషులు, పడవలు లేకపోయేసరికి నల్లమొన రెక్కల సొరచేప పిల్లలు తీరం దగ్గరికి తిరిగొచ్చాయి. అయితే ఆ కథలో రెండో సగం కూడా ఉంది. 2022 జనవరిలో దాన్ని మళ్లీ తెరిచారు: పడవలు లోపలికి రాకూడదు, దీవికి వెనకవైపు ఆగాలి, సందర్శకుల సంఖ్యకు హద్దు ఉంది, ఏటా కొంతకాలం మూసివేత ఉంది. శాశ్వతంగా మూసేసిన చోటును పట్టించుకునే జనం తగ్గిపోతారన్నది నా భయం. చూసినవాళ్లే దాని తరఫున మాట్లాడతారు, పడవ నడిపే కుటుంబాలకు దిబ్బ బతికి ఉండాల్సిన కారణం దొరుకుతుంది. ఇక్కడ న్యాయం అనే ప్రశ్న కూడా ఉంది, దాన్ని దాటేయకూడదు. పార్కు నీళ్లలో చేపల వేట నిషిద్ధం. అండమాన్ మత్స్యకారుల్లో ఉత్తరాంధ్ర, గోదావరి తీరాల నుంచి తరతరాల క్రితం వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు ఎందరో. పోర్ట్‌బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ వాళ్ల పేటగా పేరుపొందింది. బతుకుతెరువు కోసం వల వేసేవాళ్లకు మూసిన నీళ్లను సరదా కోసం వచ్చిన మనకు తెరిచారంటే, మన బాధ్యత వాళ్లకంటే ఎక్కువని అర్థం. టికెట్టు కొన్నంతమాత్రాన ఆ లెక్క తీరదు.

చివరగా, వెళ్లే రోజు గురించి. ప్రయాణంలో జాలీ బాయ్‌కు కేటాయించిన రోజు వెనక ఇంకో రోజు ఖాళీగా ఉంచుకోండి. గాలి ఎక్కువగా ఉంటే పడవ ఆపేస్తారు, ఆపేసినప్పుడు ఎలాగైనా తీసుకెళ్లమని పడవవాళ్లను ఒత్తిడి చేయవద్దు. కెమెరా వద్దని అనను. మొదటి అరగంట మాత్రం దాన్ని పడవలోనే వదిలేయండి, ఒంటికి నీళ్లు అలవాటయ్యేదాకా. నీళ్లలోకి దిగేముందు వెంట వచ్చే గైడుతో ఒక మాట చెప్పండి: నా కాలు గానీ చేయి గానీ పగడం దగ్గరికి వెళ్తే వెంటనే ఆపండి, పట్టుకుని లాగినా ఏమీ అనుకోను. సెయింట్ లూసియాలో ఫలితం చూపించింది ఆ ఆపడమే. మన దగ్గర చాలామంది గైడ్లు అతిథికి కోపం వస్తుందేమో, మామూళ్లు పోతాయేమో అని చూసీ ఊరుకుంటారు. ఆ సంకోచం పోగొట్టాల్సింది మనమే, అదీ పడవ దిగకముందే.